పాత జీపుకి పవర్ స్టీరింగ్: పెట్టించండి, కానీ రీల్స్ చూసి మాత్రం కాదు

ఈ మధ్య రీల్స్‌లో ఒకే రకం వీడియో పదే పదే కనిపిస్తోంది. పాత మహీంద్రా జీపు, మెరిసే కొత్త పెయింట్, లావుపాటి టైర్లు, స్టీరింగ్ మీద ఒకే ఒక్క చూపుడు వేలు. బండి నిలబడి ఉండగానే ఆ వేలితో స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి గిరగిరా తిప్పేస్తారు. కింద 'పవర్ స్టీరింగ్ డన్' అని ఒక్క ముక్క. లైకులు లక్షల్లో.

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసుకునే చోట జీపు గోల ఎందుకు అంటారేమో. ఆ వేలి వెనకాల ఉన్నది గ్యాడ్జెటే కాబట్టి. ఒక సెన్సర్, ఒక మోటార్, ఒక కంట్రోలర్, అందులో ఫర్మ్‌వేర్. అది కూడా సెకండ్ హ్యాండ్, వేరే బండి కోసం తయారైంది, మాన్యువల్ లేదు. ఇలాంటి వస్తువుని ఫోన్ రూపంలో మీకెవరైనా అమ్మితే వంద ప్రశ్నలు అడుగుతారు. ఫోన్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేసుకోవచ్చు. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మలుపులో స్టీరింగ్ హ్యాంగ్ అయితే ఆ అవకాశం ఉండదు.

ముందే చెప్పేస్తా, నేను పవర్ స్టీరింగ్‌కి వ్యతిరేకిని కాదు. మా ఇంట్లో 1980ల చివర్లో కొన్న మహీంద్రా డీజిల్ జీపు ఉంది. దానికి పోయిన ఏడాది నేనే దగ్గరుండి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ పెట్టించాను. కారణం స్టైల్ కాదు. నాన్నకి అరవై ఆరేళ్లు, కుడి భుజం పట్టేసింది. రాజమండ్రి సందుల్లో రివర్స్ చేయాలంటే పళ్లు బిగబట్టేవారు. బండి అమ్మేయడమా, ఆయన చేతికి అందేలా మార్చడమా అన్నదే ప్రశ్న. ఇక మా అక్కకి డ్రైవింగ్ బాగా వచ్చు, కానీ ఇంట్లో అందరూ చిన్నప్పటి నుంచి 'జీపు నీ వల్ల కాదులే అమ్మా' అంటూ వచ్చారు. అదేదో ప్రకృతి నియమం అన్నట్టు.

అందుకే 'జీపు అంటే భుజబలం ఉండాలి, పవర్ స్టీరింగ్ పెడితే అది జీపే కాదు' అనే ఒరిజినాలిటీ బ్యాచ్ మాట నాకు రుచించదు. అసలు కంపెనీయే ఆ మాట అనలేదు. అమెరికాలో జీప్ బ్రాండ్ ఏఎంసీ చేతికి వచ్చాక, 1972 మోడళ్లకి సీజే జీపుల్లో పాత రాస్ స్టీరింగ్ బాక్స్ తీసేసి సాగినా కంపెనీ రీసర్క్యులేటింగ్ బాల్ బాక్స్ పెట్టారు. మన దగ్గర 2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈకి ఫ్యాక్టరీ నుంచే పవర్ స్టీరింగ్ వచ్చింది. బరువైన స్టీరింగ్ సంప్రదాయం ఏమీ కాదు, ఆ రోజుల్లో చవగ్గా చేయగలిగింది అంతే.

అయితే ఆ బరువు ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా మోటార్ తగిలిస్తే మాత్రం నేను ఒప్పుకోను. బండి నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే టైరు దొర్లదు, ఉన్నచోటే నేలని రాసుకుంటూ మెలి తిరుగుతుంది. టైరు ఎంత వెడల్పుంటే, గాలి ఎంత తక్కువుంటే అంత బరువు. బండి ఒక్క అడుగు కదిలినా టైరు దొర్లడం మొదలై సగం బరువు దిగిపోయినట్టుంటుంది. పాత డ్రైవర్లు 'కదిలిస్తూ తిప్పు' అనేది ఇందుకే. దీనికి తోడు రాస్ బాక్స్ లోపల ఒక స్క్రూ లాంటి క్యామ్, దాని గాడిలో జారే లివర్ పిన్నులు ఉంటాయి. జారడం అంటేనే రాపిడి. రీసర్క్యులేటింగ్ బాల్ బాక్స్‌లో ఆ జారే చోట ఉక్కు గోళీలు దొర్లుతాయి కాబట్టి మోటార్ లేకపోయినా తేలిగ్గా తిరుగుతుంది. మోటార్ పెట్టకుండానే మొదటి మార్పు ఇక్కడ చేయొచ్చన్న సంగతి రీల్స్‌లో ఎవరూ చెప్పరు.

విజయవాడ ఆటోనగర్‌లో పార్టుల కోసం తిరుగుతుంటే ఒక పెద్దాయన, నలభై ఏళ్లుగా జీపుల మీదే చేయి తిరిగిన మెకానిక్, మా బండి ముందు చక్రాల్ని జాకీ మీద లేపి ఊపి చూసి ఒకే మాట అన్నాడు: "దీనికి మోటార్ పెడితే మోకాళ్లు అరిగిపోయినోడికి పరుగు పందెం పెట్టినట్టే బాబూ. ముందు కీళ్లు బాగు చేయించండి." కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, మధ్యలో ఉండే బెల్ క్రాంక్ బుష్, అన్నీ మార్పించి, గ్రీజు పట్టించి, వీల్ అలైన్‌మెంట్ చేయించి, టైర్లలో గాలి సరిచూసుకున్నాం. లగేజీ తూకం వేసే డిజిటల్ స్కేల్ ఉంటుంది కదా, దాని కొక్కేన్ని స్టీరింగ్ అంచుకి తగిలించి లాగి చూశాను. ముందూ తర్వాతా తేడా ఇంచుమించు మూడో వంతు. ఒక్క వాట్ కరెంటు ఖర్చు లేకుండా!

ఆ స్కేల్ ట్రిక్ గుర్తుపెట్టుకోండి, చాలా పనికొస్తుంది. ప్యాసింజర్ బండ్ల స్టీరింగ్ బరువుకి అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది. ఐక్యరాజ్యసమితి ఆర్79 నిబంధన ప్రకారం మెల్లగా కదులుతూ మలుపు తిప్పేటప్పుడు స్టీరింగ్ అంచు దగ్గర పెట్టాల్సిన బలం 15 డెకాన్యూటన్లు దాటకూడదు. మన భాషలో సుమారు 15 కిలోల లాగుడు. పవర్ అసిస్ట్ ఫెయిలైతే 30 వరకు అనుమతి. ఈ రెండో అంకే నాకు ముఖ్యం. మోటార్ పనిచేయనప్పుడు కూడా మనిషి చేతులతో బండిని రోడ్డు పక్కకి తేగలగాలి అని నిబంధన రాసినవాళ్లే ముందుగా ఆలోచించారు. రీల్‌లో ఆ వేలికి ఈ ఆలోచన లేదు.

ఇక హైడ్రాలిక్కా, ఎలక్ట్రిక్కా? ఇద్దరిలో పెద్దన్న హైడ్రాలిక్. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజినీర్ 1920ల్లోనే దీన్ని తయారుచేసి చూపించాడు. మామూలు కారులో అమ్మకానికి రావడానికి మాత్రం 1951 క్రైస్లర్ ఇంపీరియల్ వరకు ఆగాల్సి వచ్చింది. ఇంజిన్ బెల్టుతో ఒక పంపు తిరుగుతుంది, అది నూనెని ఒత్తిడితో స్టీరింగ్ బాక్స్‌లోకి తోస్తుంది, మీరు తిప్పిన వైపుకే ఆ ఒత్తిడి సాయం పడుతుంది. మొరటుది, బలమైనది. బురద, రాళ్లు, పెద్ద టైర్లు, రోజంతా ఆఫ్‌రోడింగ్ చేసేవాళ్లకి నా ఓటు కూడా దీనికే. బొలెరో లాంటి తర్వాతి మహీంద్రా బండ్ల బాక్స్, పంపు తెచ్చి పాత జీపులకి బిగించే మెకానిక్‌లు మన ఊళ్లలో ఉన్నారు. ఇబ్బందల్లా పంపుకి ఇంజిన్ మీద బ్రాకెట్ చేయించాలి, పుల్లీ వరుస కుదరాలి, హోసులు వేడి సైలెన్సర్ పైపుకి దూరంగా పోవాలి. పైగా స్టీరింగ్ తిప్పినా తిప్పకపోయినా పంపు ఇంజిన్ పవర్‌ని కొంచెం తింటూనే ఉంటుంది.

ఎలక్ట్రిక్ తమ్ముడు చాలా చిన్నవాడు. 1988లో జపాన్‌లో సుజుకి సెర్వో అనే బుల్లి కారులో తొలిసారి వచ్చింది. అంత చిన్న కారులోనే ఎందుకంటే, దాని ఇంజిన్‌కి హైడ్రాలిక్ పంపుని మోసే ఓపిక ఉండదు, బానెట్ కింద చోటూ ఉండదు. ఆ బుల్లి కార్ల టెక్నాలజీ వారసులే ఇప్పుడు మన జీపుల్లోకి ఎక్కుతున్నాయి. స్క్రాప్‌లో దొరికే చిన్న కార్ల ఈపీఎస్ కాలమ్ తెచ్చి, జీపు కాలమ్ స్థానంలో బిగించి, కింద యూనివర్సల్ జాయింట్‌తో బాక్స్‌కి కలుపుతారు. నూనె లేదు, బెల్టు లేదు, లీకు లేదు. ఊళ్లో తిరగడానికి, ఘాట్ రోడ్లకి, మామూలు సైజు టైర్లకి ఇది సరిగ్గా సరిపోతుంది. మా బండికి నేను ఎంచుకున్నది ఇదే.

కానీ అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

ఆ కాలమ్ లోపల టార్షన్ బార్ అని ఒక సన్నటి ఉక్కు కడ్డీ ఉంటుంది. మీరు స్టీరింగ్ తిప్పగానే అది కొద్దిగా మెలిపడుతుంది. ఎంత మెలిపడిందో టార్క్ సెన్సర్ చదివి కంట్రోలర్‌కి, అంటే ఈసీయూకి చెబుతుంది. ఈసీయూ దాన్ని బట్టి మోటార్‌కి కరెంటు పంపుతుంది. ఇక్కడిదాకా సింపుల్. అయితే ఎంత సాయం చేయాలన్నది బండి వేగం మీద కూడా ఆధారపడుతుంది. పార్కింగ్‌లో బోలెడంత, హైవే మీద కాస్త. పుట్టింటి కారులో ఆ వేగం సమాచారం స్పీడ్ సెన్సర్ నుంచో, క్యాన్ నెట్‌వర్క్ నుంచో వచ్చేది. మన జీపులో స్పీడోమీటర్‌కి ఉన్నది గిరగిరా తిరిగే ఒక కేబుల్ తీగ. ఈసీయూ 'ఎంత స్పీడులో ఉన్నాం?' అని అడిగితే జవాబిచ్చేవాళ్లు లేరు.

అప్పుడు ఏమవుతుంది? యూనిట్‌ని బట్టి ఉంటుంది. కొన్ని సిగ్నల్ లేదని గుర్తించి ఫెయిల్ సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఏ వేగంలోనైనా ఒకే మోతాదు సాయం చేస్తాయి. విదేశాల్లో పాత కార్లవాళ్లు వోక్స్‌హాల్ కోర్సా, శాటర్న్ వ్యూ లాంటి కార్ల కాలమ్‌లని ఏరికోరి తెచ్చుకునేది ఈ గుణం కోసమే. మరికొన్ని అసలు పనే చేయవు. ఇంకొన్నిటికి ఒక నాబ్ ఉన్న చిన్న డబ్బా తగిలిస్తారు, అది ఫలానా వేగంలో ఉన్నామని ఈసీయూకి అబద్ధం చెబుతుంది. నాబ్ తిప్పితే స్టీరింగ్ తేలికవుతుంది. రీల్‌లో వేలితో తిరిగేది ఎప్పుడో తెలుసా? ఈ నాబ్‌ని చివరిదాకా తిప్పినప్పుడు. అదే సెట్టింగ్‌తో 80 కి.మీ. స్పీడులో వెళ్తూ ఒక్కసారి తుమ్మి చూడండి. వద్దులెండి, చూడకండి.

ఆర్డుయినో పట్టుకున్న తమ్ముళ్ల కోసం ఒక మాట, ఎందుకంటే మీ బుర్రలో ఇప్పటికే ఐడియా వచ్చేసి ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద అయస్కాంతం, పక్కన హాల్ సెన్సర్, పల్సులు లెక్కపెట్టి ఈసీయూకి కావలసిన ఫ్రీక్వెన్సీలో స్పీడ్ సిగ్నల్ పంపడం. మంచి ఐడియానే, పనిచేస్తుంది కూడా. కానీ సెన్సర్ మీద బురద పేరుకుని పల్సులు ఆగిపోతే మీ కోడ్ ఏం చెబుతుంది? పల్సులు సున్నా కాబట్టి వేగం సున్నా అంటుంది. అంటే ఘాట్ దిగుతుండగా ఈసీయూ బండి పార్కింగ్‌లో ఉందనుకుని మొత్తం సాయం గుమ్మరిస్తుంది. వేగంగా వెళ్తున్న బండి పల్సులు ఒక్కసారిగా మాయమైతే అది ఆగిపోవడం కాదు, సెన్సర్ చచ్చిపోవడం. అప్పుడు సిగ్నల్ ఎక్కువ వేగం వైపు, అంటే తక్కువ సాయం వైపు పడాలి. స్టీరింగ్ బరువెక్కుతుంది, ఫర్వాలేదు, బండి చేతిలోనే ఉంటుంది. జీపీఎస్‌తో చేస్తామనేవాళ్లూ ఉన్నారు. అడవిలో, లోయలో సిగ్నల్ ఎలా ఉంటుందో మీ ఫోన్‌నే అడగండి. ఇక టార్క్ సెన్సర్‌నీ మోటార్‌నీ నేరుగా మన సొంత కోడ్‌తో నడిపే ప్రయోగం మాత్రం రోడ్డు మీదకి వద్దు. ఆ ఒక్క విషయంలో నేను పక్కా చాదస్తుణ్ణి.

కరెంటు లెక్క కూడా చూద్దాం, మనకి ఇష్టమైన సబ్జెక్టే. పార్కింగ్‌లో పూర్తిగా తిప్పేటప్పుడు ఇలాంటి మోటార్ 50 ఆంపియర్ల దాకా లాగగలదు. 12 వోల్టుల మీద అంటే 600 వాట్లు. 67 వాట్ల ఫోన్ చార్జర్లు తొమ్మిది ఒకేసారి ఫుల్‌గా నడిచినట్టు. అది క్షణాల సేపే, తిన్నగా వెళ్తుంటే నామమాత్రం. కానీ పాత జీపు డైనమో ఐడిల్‌లో ఇచ్చేది చాలా తక్కువ, పాత విల్లీస్‌లలో అయితే కరెంటే 6 వోల్టులు. కాబట్టి మంచి ఆల్టర్నేటర్, ఆరోగ్యమైన బ్యాటరీ, బ్యాటరీ నుంచి నేరుగా లావు కేబుల్, దానికి బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి. హెడ్‌లైట్ వైర్‌కే అతుకు వేసి పని కానిచ్చేసిన బండ్లు నా కళ్లతో చూశాను. రాత్రి పూట మలుపు తిరిగితే లైట్లు మసకబారతాయి. మలుపులోనే!

అందరూ వదిలేసే సంగతి ఇంకొకటి ఉంది. ఎలక్ట్రిక్ సాయం కాలమ్‌లో పుడుతుంది, అంటే పాత బాక్స్‌కి ముందే. ఆ అదనపు బలమంతా మనిషి చేతుల బలానికి తగ్గట్టు డిజైన్ చేసిన పాత బాక్స్, పాత లింకులు, ఛాసిస్‌కి బాక్స్ బిగించిన చోటు మీదుగా పోవాల్సిందే. చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుందనుకోండి. ఇదివరకు చేతులు 'ఇక నా వల్ల కాదు' అని ఆగేవి. ఇప్పుడు మోటార్ ఆగదు, టై రాడ్ వంగుతుంది. పాత స్టీరింగ్ బరువులో కొంత సమాచారం ఉండేది. కింద ఏం జరుగుతోందో చేతులకి తెలిసేది. అరిగిన జాయింట్ వదులు కూడా తెలిసేది. మోటార్ ఆ వదులుని పోగొట్టదు, కప్పేస్తుంది. అందుకే ఇది పెట్టించాక ఆయిల్ మార్చిన ప్రతిసారీ ముందు చక్రాలు లేపి ఊపి చూడటం అలవాటు చేసుకున్నా.

స్టీరింగ్ తిరిగి తనంతట తాను మధ్యకి రాకపోవడం కూడా చాలామంది చెప్పే కంప్లయింటే. దాన్ని మోటార్ లోపం అనుకుంటారు. మాన్యువల్ బండ్లలో తిప్పడం తేలిక కావాలని క్యాస్టర్ కోణం తక్కువ పెడతారు, చక్రాన్ని మధ్యకి లాగేది ఆ కోణమే. దానికి మోటార్, గేర్ల రాపిడి తోడైతే స్టీరింగ్ బద్ధకంగా తిరిగొస్తుంది. యాక్సిల్ దగ్గర క్యాస్టర్ కాస్త పెంచితే సరిపోతుంది. నాబ్‌తో కుస్తీ పట్టక్కర్లేదు.

చట్టం సంగతి బోర్ కొట్టినా చదవండి. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5 వేల రూపాయల జరిమానా లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. రెట్రోఫిట్ పార్టుల మాట అందులో స్పష్టంగా రాశారు. పదిహేనేళ్లు దాటిన సొంత బండి ప్రతి ఐదేళ్లకీ రెన్యువల్‌కి అధికారి ముందుకి వెళ్లాల్సిందే. కాబట్టి పని మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో రాతపూర్వకంగా అడిగి, జవాబు ఫైల్‌లో పెట్టుకోండి. నేను అలాగే చేశాను. ఓపిక కావాలి, అంతకంటే ఏం లేదు. మీ జీపు వయసు యాభై దాటిందా? అయితే ఇంకొక్కసారి ఆలోచించండి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు అసలు రూపంలో ఉన్న బండ్లకే. అలాంటి బండి ఛాసిస్ మీద వెల్డింగ్ టార్చ్ పెట్టడానికి నాకైతే మనసొప్పదు. మా బండి అంత పాతది కాకపోయినా ఒరిజినల్ కాలమ్‌ని కోయనివ్వలేదు. వేరే బ్రాకెట్లు చేయించి బోల్టులతో బిగించాం. పాతది నూనె రాసి, గుడ్డ చుట్టి అటక మీద పెట్టాం. రేపు ఎవరైనా వెనక్కి మార్చుకోవాలంటే ఒక పూట పని.

ఈ కిట్లు అమ్మేవాళ్లని నేను అడిగేది ఎక్కువేం కాదు. డబ్బాలో ఒక వైరింగ్ డయాగ్రమ్ పెట్టండి. స్పీడ్ సిగ్నల్ పోతే ఏమవుతుందో ఒక లైన్ రాయండి. టార్క్ సెన్సర్ జీరో సరిచూశారో లేదో చెప్పండి, ఎందుకంటే ఆ జీరో పక్కకి జరిగితే స్టీరింగ్ ఎవరూ ముట్టుకోకుండానే ఒకవైపుకి లాగుతుంది. 1,500 రూపాయల పవర్ బ్యాంక్ మీద ఇంతకంటే ఎక్కువ సమాచారం ప్రింట్ చేస్తున్నారు. కొనేవాళ్లు కూడా వేలి వీడియో చూసి డబ్బులివ్వడం మానేసి, ఫ్యూజు పీకి బండి నడిపి చూపించమని అడగాలి. చూపించనివాళ్ల దగ్గర కొనకండి.

మా బండి బయటికొచ్చిన రోజు ఖాళీ గ్రౌండ్‌లో ముందు చేసింది అదే. ఫ్యూజు పీకి, మెల్లగా నడుపుతూ, లగేజీ స్కేల్‌తో లాగి చూశాను. ముప్పై కిలోలకి చాలా కింద ఆగింది. తర్వాత అక్క కూర్చుంది, ఫ్యూజు లేకుండానే రెండు రౌండ్లు వేసింది, కష్టపడింది కానీ వేసింది. నాన్న వంతు ఫ్యూజు పెట్టాక. ఈసీయూకి వెళ్లే ఇగ్నిషన్ వైర్‌కి డ్యాష్‌బోర్డ్ కింద, డ్రైవర్ ఎడమ చేతికి అందేలా ఎర్ర స్విచ్ ఒకటి పెట్టించాను. స్టీరింగ్ తేడాగా అనిపిస్తే నొక్కేయమని ఇద్దరికీ చెప్పి, చూడకుండా చేయి దాని మీదకి వెళ్లేదాకా పదిసార్లు ప్రాక్టీస్ చేయించాను. నాబ్ మాత్రం సగానికి కింద పెట్టి, దాని డబ్బాకి సీలు వేయించాం. ఇంకా తేలిగ్గా చేయమని నాన్న అడుగుతూనే ఉన్నారు, నేను వినట్లేదు.